కామాల సింగారం

కామా లేని అంకె కనబడితే పరాంకుశం రాఘవాచారి గారికి ఒళ్లు మండుతుంది. తెర మీద 128450 అని పడిందనుకోండి. అది లక్షా, పన్నెండు వేలా అని చూపుడువేలు గాల్లో ఆడిస్తూ వెనక నుంచి లెక్కపెట్టుకుంటూ పోతారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి వస్తారు. హనుమకొండ శివార్లలోని నాడీసేతు పరిశోధనాలయానికి ఆయన డైరెక్టరు. నరాల మీద ముప్పై ఏళ్లు పనిచేశానని చెప్పుకుంటారు. అందులో ఇరవై ఏళ్లు శాలువాలు కప్పించుకోవడానికే సరిపోయి ఉంటాయని సుచరిత నమ్మకం.

సుచరిత అక్కడ కంప్యూటరు స్క్రిప్టులు రాస్తుంది. వయసు ముప్పై ఒకటి. ఆ భవనంలో ఆమెని పిలవకుండా ఒక్క ఫైలు తెరవగలిగిన మొనగాడు లేడు. తెరిస్తే మూయడం రాదు. అందుకని వాళ్లందరి మీదా ఆమెకొక చులకన భావం ఉండేది. దాన్ని దాచుకోవాలని కూడా ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

అక్కడ తయారయ్యే సేతువు చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. వెన్నెముకలో నరం తెగిన చోటుకి పైన గోరంత చిప్పు ఒకటి, కింద నడుము లోపల అగ్గిపెట్టెలో సగమంత పలక ఒకటి. కాలు కదపమని మెదడు ఎంత గట్టిగా చెబుతోందో పై చిప్పు అంకెల్లో చదువుతుంది. కుడి తుంటికి ఒకటి, మోకాలికి ఒకటి, మడమకి ఒకటి, ఎడమ కాలికి మరో మూడు. ఆరు అంకెలూ ఒకే వరుసలో, అంకెకీ అంకెకీ మధ్య ఒక కామాతో, సెకనుకి యాభై సార్లు గదిలోని కంప్యూటరుకి వస్తాయి. కంప్యూటరు అందులోని తాలూతప్పా ఏరేసి కింది పలకకి పంపుతుంది. పలకకి సొంత బుర్ర లేదు. మొదటి కామా దాకా ఉన్నది కుడి తుంటిదనీ, రెండో కామా దాకా ఉన్నది కుడి మోకాలిదనీ అనుకుంటూ పోతుంది. అంకె ఎంత పెద్దదైతే ఆ కండని అంత గట్టిగా బిగిస్తుంది. ఆరో అంకె తర్వాత ఏమున్నా పట్టించుకోదు.

కబురు కిందికి పంపడం వరకే వాళ్లకి చేతనయింది. కాలి నుంచి పైకి కబురు తేవడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. కాళ్లు నిలబడ్డాయో లేదో ఆ కాళ్లున్న మనిషికి తెలియదు. వంగి చూసుకోవాలి, లేదా పక్కనున్న వాళ్లని అడగాలి.

ఆ మనిషి పేరు పంజాల కొమురయ్య. జనగామ దగ్గర పల్లె, తాటికల్లు గీసే వృత్తి, నలభై ఎనిమిదేళ్లు. మూడేళ్ల కిందట చెట్టు మీద పట్టుకున్న మట్ట ఊడి చేతికొచ్చింది. కింద పడ్డాక నడుము నుంచి కిందిది తనది కాకుండా పోయింది. చేతులు మాత్రం ఇనుప కడ్డీల్లాగే ఉండిపోయాయి. అప్పటి నుంచి భార్య బాలమణి పొద్దున్నే ఆయన్ని చంకల కింద పట్టి ఎత్తి, ఇంటి వెనక్కి మోసుకుపోయి కూర్చోబెట్టి, మళ్లీ మోసుకొస్తోంది. ఎత్తీ ఎత్తీ ఆమె నడుము కూడా వంగిపోయింది. సేతువు వేయించుకుంటావా అని అడిగినప్పుడు పరిశోధనాలయం వాళ్లు ఆయనకి ఏవేవో ఆశలు చూపించారు. కొమురయ్యకి వాటిలో ఒక్కటీ అక్కర్లేదు.

"చెట్టెక్కాలని లేదు బిడ్డా," అన్నాడు సుచరితతో మొదటి రోజే. "పొద్దుగాల నా కాళ్ల మీద నేను బయటికి పోవాలె. గా ఒక్కటి చాలు నాకు."

ఆరు నెలలు పట్టింది. మొదట బొటనవేలు కదిలింది, తర్వాత మోకాలు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున రెండు ఇనుప కడ్డీల మధ్య చేతుల మీద బరువు వేసి లేచి, కాళ్లు బిగిశాయని సుచరిత చెప్పాక మెల్లగా చేతులు వదిలాడు. నిలబడ్డాడు. పక్కనున్న బాలమణి ఆయన్ని ముట్టుకోవాలా వద్దా తెలియక చేతులు చాపి అలాగే ఉండిపోయింది. కొమురయ్య కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోవాలంటే చెయ్యి కదపాలి, కదిపితే పడతానేమోనని తుడుచుకోలేదు. సుచరిత కూడా ఏడ్చింది. ఆ భవనంలో తను చేసిన పనికి ఒక అర్థముందని ఆమెకి అనిపించిన రోజు అదొక్కటే.

అలా తొమ్మిది సార్లు నిలబడ్డాడు. ఇక పరిశీలక బృందం వస్తుందని కబురొచ్చింది. వాళ్లు సరేనంటే కొమురయ్య నడుముకి కట్టుకునే చిన్న పెట్టె తయారుచేసి, సేతువుతో సహా ఇంటికి పంపిస్తారు. ఆయన వెనక మరో పన్నెండు మంది వరుసలో ఉన్నారు. కాదంటే చిప్పూ పలకా బయటికి తీసేస్తారు. బాలమణి మళ్లీ ఎత్తుకోవాలి.

ఇంత పని నెత్తి మీద ఉండగా రాఘవాచారి గారు సుచరితని పిలిచి కామాల గురించి మాట్లాడారు. వచ్చేవాళ్లు పెద్దవాళ్లట. తెర మీద అంకెలు పేడ కొట్టినట్టు పడుతున్నాయట. కుడి వైపుకి వరుసగా సర్ది, లక్షల దగ్గరా వేల దగ్గరా కామాలు పెట్టి, చూడముచ్చటగా తయారుచెయ్యాలట. ఆమె విని, నరాల శాస్త్రంలో ఇదో మలుపు సార్ అంది. వెటకారం ఆయనకి అందలేదు. సంతోషించారు.

సుచరిత తన సీటుకొచ్చి, టీ చల్లారే లోపల ఒక మాడ్యూలు రాసి పడేసింది. దానికి "సింగారం" అని పేరు పెట్టింది. వచ్చే ప్రతి అంకెనీ పట్టుకుని, వెడల్పు చూసి ఖాళీలు నింపి, వెయ్యి దాటితే కామాలు గుచ్చి అవతలికి పంపుతుంది. ఇరవై రెండు వరుసల పని. ఇంతకంటే బుద్ధి తక్కువ పని తన జన్మలో చెయ్యలేదనుకుంది. ఆ కోపంలోనే దాన్ని ఎక్కడ తగిలించాలన్నది కూడా సరిగా ఆలోచించలేదు. తెరకి వెళ్లే దారిలో తగిలించాలంటే పాత స్క్రిప్టులు పది చోట్ల మార్చాలి. తెరకీ పలకకీ దారులు విడిపోక ముందే తగిలిస్తే ఒక్క వరుసతో అయిపోతుంది. ఆచారి గారి ముచ్చటకి పది చోట్ల చేతులు పెట్టడమా అనుకుని, ఒక్క వరుసతో కానిచ్చేసింది.

పరీక్షించలేదని కాదు. పాత రోజుల అంకెల ఫైలు ఒకటి తీసి, పలకతో సంబంధం లేకుండా తెర మీద నడిపించింది. కామాలన్నీ బారులు తీరాయి. ఆచారి గారు కుర్చీలోంచి లేచి మరీ మెచ్చుకున్నారు. తర్వాత పలకకి కలిపి, కొమురయ్యని కుర్చీలోనే కూర్చోబెట్టి కాళ్లు ఆడించమంది. అంకెలు రెండొందలు, మూడొందల మధ్య తిరిగాయి. కాళ్లు చెప్పినట్టు ఆడాయి. అయిపోయింది.

"ఒక్కసారి లేసి చూస్త బిడ్డా," అన్నాడు కొమురయ్య.

నడిచే హాలులో తివాచీలు పరుస్తున్నారు, పూలదండలు కడుతున్నారు, ఇవాళ కుదరదు అంది సుచరిత. మారింది తెర మీది అంకెల తీరే, కాళ్లకీ దానికీ సంబంధం లేదని కూడా చెప్పింది.

కొమురయ్య ఒప్పుకోలేదు. చెట్టెక్కే ముందు మోకు నడుముకి బిగించుకున్నాక, కాళ్లు నేల మీద ఉండగానే వెనక్కి వాలి ఒళ్లు బరువంతా ఆ తాడు మీద వేసి చూసుకోవడం వాళ్ల అలవాటు. నిన్న ఎక్కిన మోకైనా సరే, పొద్దున ఎక్కిన మోకైనా సరే, ముడి విప్పి మళ్లీ వేశారంటే నేల మీద ఒకసారి వాలి చూడాల్సిందే. చూడకుండా ఎక్కేవాడిని తోటివాళ్లు మనిషి కింద లెక్కెయ్యరు. "నడుమ ఏదో ముడి ఇప్పి మల్ల ఏసినవ్ గద," అన్నాడాయన. "జర వాలి సూడనియ్యి."

సుచరిత నవ్వింది. తాడుకీ స్క్రిప్టుకీ తేడా ఉంది కాకా అంది. ఆ నవ్వులో ఆచారి గారి మీద ఉండే చులకనే ఉంది, కాకపోతే కొంచెం తియ్యగా ఉంది.

మర్నాడు పదకొండు గంటలకి బృందం వచ్చింది. నలుగురు వచ్చారు, నలుగురికీ నాలుగు శాలువాలు పడ్డాయి. ఉపన్యాసానికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ కొమురయ్య కొత్త పంచె కట్టుకుని చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. ఆయన లేచి నిలబడగానే రెండు చేతులూ జోడించి అతిథులకి నమస్కారం పెట్టాలని ఆచారి గారు ముందే రెండు సార్లు నేర్పి పెట్టారు. మూడేళ్లుగా నడుము కింద ప్రాణం లేని మనిషి నిలబడటం చాలదు కాబోలు, వంగి దండం కూడా పెట్టాలి.

కొమురయ్య కడ్డీలు పట్టుకున్నాడు. భుజాలు ఉబ్బాయి. చేతుల మీద ఒంటిని పైకి లేపి కాళ్లకి ఆజ్ఞ ఇచ్చాడు. గోడంత తెర మీద అంకెలు పరుగెత్తాయి. మూడొందలు, తొమ్మిదొందలు, ఆ తర్వాత వేలు, లక్ష. 1,28,450. కుడి వైపుకి సర్దుకుని, కామాలతో, పెళ్లిపత్రికలా ఉంది. ఆచారి గారు అతిథుల్ని తెర వైపు తిప్పి, పొడుగాటి కర్రతో ఏది లక్షో ఏది వెయ్యో చూపిస్తున్నారు. నలుగురూ తలలూపుతున్నారు. నిలబడుతున్న మనిషి వైపు ఒక్కరూ చూడటం లేదు.

కొమురయ్య సుచరిత వైపు చూశాడు.

"బిడ్డా, బరువంత చేతులల్లనే ఉన్నది," అన్నాడు నెమ్మదిగా. "కాళ్లు పట్టుకున్నట్టు లేదు."

సుచరిత వంగి ఆయన మోకాళ్లు చూసి ఉండాల్సింది. రెండడుగుల దూరం. పంచె కొంచెం పైకి లాగితే కనబడేది. ఆమె తల తిప్పి తెర వైపు చూసింది. తొమ్మిది సార్లు నిలబడినప్పుడు ఎంత వచ్చిందో అంతే ఉంది, ఇంకొంచెం ఎక్కువే ఉంది.

"అంకెలు బాగున్నయ్ కాకా," అంది. "ఇడువు."

ఆయన వదిలాడు. రెండు చేతులూ ఒకేసారి వదిలి, జోడించాడు. నమస్కారం పూర్తి కాకముందే మనిషి నిలువునా కిందికి జారిపోయాడు. కుడికాలు ఒంటి కింద మడతపడి ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. నొప్పి తెలియదు కాబట్టి కొమురయ్య అరవలేదు. నేల మీద పడి, చేతులింకా జోడించే ఉంచి, ఏది ఇరిగింది అని అడిగాడు. బాలమణి గోడ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆచారి గారు అప్పటికి వేలు దాటి లక్షల్లోకి వచ్చారు.

తొడ ఎముక రెండు ముక్కలైంది. నడుములోని పలక చోటు నుంచి ఊడిపోయింది. హాలులో తివాచీలు చుట్టేశాక సుచరిత ఒక్కతే కూర్చుని పలకకి ఏం చేరిందో ఆ ఫైలు తెరిచింది. కుడి తుంటి ఒకటి. కుడి మోకాలు ఇరవై ఎనిమిది. కుడి మడమ నాలుగొందల యాభై. ఆమె ఆ మూడు అంకెల్నీ చాలాసేపు చూసింది. ఒకటి, ఇరవై ఎనిమిది, నాలుగొందల యాభై. లక్షా ఇరవై ఎనిమిది వేల నాలుగొందల యాభై. తన కామాలు కుడి తుంటికి చెందిన ఒక్క అంకెని మూడు ముక్కలు చేసి మూడు కీళ్లకి పంచిపెట్టాయి. ఆ తర్వాత రావాల్సిన మోకాలి అంకె ముక్కలై ఎడమ కాలికి పోయింది. కూర్చున్నప్పుడు వెయ్యి దాటలేదు కాబట్టి కామా పడలేదు, అంతా బాగానే ఉంది. నిలబడే బలం వచ్చిన క్షణానే కాళ్లకి అందాల్సింది అందలేదు. మనిషి ఎంత గట్టిగా ప్రయత్నిస్తే అంత తప్పకుండా పడేలా, టీ చల్లారే లోపల, ఆమె రాసి పెట్టింది.

ఆచారి గారిని అసహ్యించుకోవడం ఇన్నాళ్లూ ఎంత సుఖంగా ఉండేదో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆయన అడిగింది ముచ్చటే, కానీ తెరనే చూశారు. తనేం చేసింది? తనూ తెరనే చూసింది. ఆయన కనీసం, బరువు చేతుల మీదుందని చెప్పిన మనిషిని వదలమనలేదు.

మూడో రోజు ఆచారి గారు నివేదిక పట్టుకొచ్చారు. అతిథుల్ని చూసిన ఉద్వేగంలో రోగి సూచన అందకముందే చేతులు వదిలాడనీ, క్రమశిక్షణ లేనివాడు కాబట్టి మరోసారి సేతువు వేయడానికి అనర్హుడనీ అందులో ఉంది. ఒక సంతకం ఆయనది, రెండోది సుచరితది కావాలి. ఆమె కామాల సంగతి చెప్పింది. విన్నంతసేపూ ఆయన ముఖంలో కుతూహలమే తప్ప మరేమీ లేదు.

"కామా వల్ల మనిషి పడ్డాడని రాస్తే నవ్విపోతారమ్మా," అన్నారు. "నేనడిగింది సింగారం. నువ్వు చేసింది సింగారం. ఇందులో తప్పెక్కడుంది?"

ఇంటికెళ్తే భర్త కూడా అదే పాట పాడాడు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు, నెమ్మదస్తుడు. నువ్వేం తొయ్యలేదు కదా, చేతులు ఆయనే వదిలాడు కదా, సంతకం పెట్టేసి వేరేచోట చూసుకో అన్నాడు. అన్నం వడ్డిస్తూ సుచరిత ఆయన వైపు చూసి, తనకి నచ్చజెప్పడం ఎంత తేలికో కదా అనుకుంది. ఇంకా రెండు రోజులు గడిస్తే ఆ మాట తనకీ నచ్చేస్తుందని భయం వేసింది. కంచం పక్కకి జరిపి ఉత్తరం రాయడానికి కూర్చుంది.

నివేదిక మీద సంతకం పెట్టలేదు. సింగారం మాడ్యూలు ఇరవై రెండు వరుసలూ, పలకకి చేరిన అంకెల ఫైలూ, హాలులో రికార్డయిన తన గొంతూ నేరుగా బృందానికి పంపింది. "అంకెలు బాగున్నయ్ కాకా, ఇడువు." రికార్డులో ఆ గొంతుకి ఎంత ధీమా ఉందో వినడానికి ఆమె రెండు సార్లు ప్రయత్నించింది. రెండు సార్లూ మధ్యలోనే ఆపేసింది.

జవాబు రావడానికి నెల పట్టింది. తప్పు రోగిది కాదని తేల్చారు. ఎముక అతుక్కున్నాక కొత్త పలక వేయవచ్చన్నారు. ఆచారి గారు అప్పటికే దీర్ఘకాలిక సెలవు మీద వెళ్లారు, వెళ్లేటప్పుడు ఆయనకి సన్మానం కూడా జరిగింది. సుచరితని తీసెయ్యలేదు. ఆ స్క్రిప్టులు నడపడం ఇంకెవరికీ రాదు కాబట్టి రెండోసారి కూడా ఆమే నడపాలన్నారు. మొనగాళ్లు లేరని అన్నాళ్లూ ఎకసెక్కాలాడింది ఆమే. ఇప్పుడు అందుకే మిగిలింది.

ఆ కబురు చెప్పడానికి ఆసుపత్రికి వెళ్లింది. కొమురయ్య కాలికి బరువులు వేలాడదీసి ఉన్నాయి. గెడ్డం పెరిగింది. బాలమణి మంచం పక్కన నేల మీద కూర్చుని సుచరితని చూసి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. సుచరిత నిలబడే అంతా చెప్పింది. కామా సంగతి, ఒక్క వరుస సంగతి, లేచి చూస్తానంటే తను నవ్విన సంగతి. తప్పంతా తనదేనని చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకుంది. వాళ్ల ముందు ఏడ్చే హక్కు తనకి లేదనిపించింది.

బాలమణి ఆమెని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"కల్లు గీసెటోడు గూడ నేల మీద వాలి సూస్కుంటడు," అంది. "గింత సదువు సదివి గది గూడ తెల్వదా నీకు?"

కొమురయ్య భార్యని ఆపలేదు. కొత్త పలక వేస్తారన్న మాట మాత్రం ఇంకోసారి చెప్పించుకుని విన్నాడు. ఎన్ని నెలలు పడుతుందని అడిగాడు. ఆరు అంది. మళ్లీ నడిపేది ఎవరని అడిగాడు. నేనే అంది సుచరిత.

ఆయన తల తిప్పి ఆమెని చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నిన్నటిదాకా వాడిన కత్తి పదును పోయిందా లేదా అని చూసినట్టు చూశాడు.

"పలక ఏపిచ్చుకుంట," అన్నాడు. "లేసి నిలవడ్త గూడ. గని నువ్వు ఇడువమంటె మాత్రం చేతులు ఇడువ, మేడం."